పది మీటర్ల లోపు కట్టలకు దిక్కెవరు?

నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీకి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల డ్యామ్ సేఫ్టీ సంస్థలకు, జలవనరుల, నీటిపారుదల శాఖల ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

డ్యామ్ సేఫ్టీ చట్టం, 2021ని ఈ మధ్య మొదటి నుంచి చివరి దాకా చదివాను. నేను న్యాయవాదిని కాను, ఇంజినీరునూ కాను. ఒక చెరువు కట్ట కింద వరి పండించుకునే రైతును. చట్టంలో నేను వెతికింది ఒక్కటే, మా కట్ట అందులోకి వస్తుందా అని. రాదు.

ఎందుకు రాదో మీకు నాకన్నా బాగా తెలుసు. ఈ లేఖ చదివే ఇతరుల కోసం చెబుతాను. పునాది అడుగు నుంచి కట్ట పైభాగం దాకా 15 మీటర్లు మించిన ఎత్తు ఉంటే అది ఈ చట్టం కిందికి వస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కొన్ని షరతుల్లో ఒక్కటైనా తీరాలి. కట్ట పొడవు కనీసం 500 మీటర్లు ఉండాలి, లేదా నిల్వ కనీసం 10 లక్షల ఘనపు మీటర్లు ఉండాలి, లేదా గరిష్ఠ వరద సెకనుకు 2,000 ఘనపు మీటర్లకు తగ్గకూడదు, అదీ కాకపోతే పునాది బాగా చిక్కులున్నదో నిర్మాణం మామూలు తీరుకు భిన్నమైనదో అయి ఉండాలి. ఇక 10 మీటర్ల లోపైతే అసలు ప్రస్తావనే లేదు. దాని పొడవు కిలోమీటరున్నర ఉండవచ్చు, కింద మూడు ఊళ్లు, ఒక గురుకుల పాఠశాల, ఒక జాతీయ రహదారి ఉండవచ్చు. అయినా చట్టం లెక్కలో అది డ్యామ్ కాదు, ఉత్త మట్టిగట్టు.

లెక్కలోకి వచ్చిన వాటికి ఏమి దక్కుతుందో కూడా చదివాను. వానకాలానికి ముందు ఒక తనిఖీ, తరువాత ఒక తనిఖీ. పెద్ద వరదో భూకంపమో వస్తే మరొకటి. స్వతంత్ర నిపుణులతో సమగ్ర పరిశీలన. కట్ట తెగితే నీళ్లు ఏ దారిన పోతాయో, ఎవరిని ఎక్కడికి తరలించాలో, ఎవరికి ముందు ఫోను చేయాలో రాసిపెట్టుకునే అత్యవసర ప్రణాళిక. అన్నీ మంచివే. దేశంలో 6 వేలకు పైగా డ్యాములకు ఈ కాపలా దొరికింది. సంతోషం. కానీ ఒక్క తెలంగాణలోనే మిషన్ కాకతీయ మొదలుపెట్టే ముందు లెక్క తేల్చిన చెరువులు 46,531. ఆంధ్రప్రదేశ్‌లో చిన్ననీటి చెరువులూ వేలల్లోనే ఉన్నాయి. వాటిలో నూటికి తొంభై మించి ఈ చట్టం గడప దాటి లోపలికి రాలేవని చెప్పడానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. మన పల్లె చెరువుల కట్టలు మూడు నిలువులో నాలుగు నిలువులో ఉంటాయి, అంతే.

ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా అని మీరంటారు. గీయండి. ఉన్న ఇంజినీర్లు కొద్దిమంది, కట్టలు వేలు. అన్నిటినీ ఒకే కంటితో చూడలేరని నాకూ తెలుసు. కానీ ఆ గీతను మీరు కట్ట మీద గీశారు. గీయాల్సింది కట్ట కింద.

ఒక పరాయి దేశపు ఉదాహరణ చెబుతాను, దాని కొలతలు ఇక్కడ పనికొస్తాయి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో టొకోవా అనే చిన్న పట్టణం ఉంది. దాని దగ్గర కెల్లీ బార్న్స్ అనే మట్టి డ్యామ్ ఉండేది. 1977 నవంబరు 6న, ఇంకా తెల్లవారకముందే, వానకు నాని తెగిపోయింది. కింద ఒక బైబిల్ కళాశాల ఉంది. 39 మంది చనిపోయారు. ఆ కట్ట ఎత్తు సుమారు 12 మీటర్లు. పొడవు 120 మీటర్ల పైచిలుకు. తెగే వేళకు అందులో ఉన్న నీరు 8 లక్షల ఘనపు మీటర్ల లోపే. ఈ కొలతలను తెచ్చి మన చట్టం ముందు పెట్టండి. పునాది మీదనో నిర్మాణం తీరు మీదనో ఎవరైనా గట్టిగా వాదిస్తే తప్ప అది మన దేశంలో డ్యామ్ కిందికి రాదు. 39 మందిని పొట్టన పెట్టుకున్న కట్టకు మన దగ్గర వానకాలం ముందు తనిఖీ ఉండదన్నమాట. ఆ దుర్ఘటన తరువాత అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఏమి చేశారో కూడా చెప్పాలి. ఆయనది ఆ రాష్ట్రమే. తెగితే ప్రాణాలు పోయే ప్రమాదం ఉన్న ప్రైవేటు, స్థానిక డ్యాములను తనిఖీ చేయమని సైన్యం ఇంజినీర్ల విభాగాన్ని ఆదేశించారు. తెగితే ప్రాణాలు పోతాయా అన్నదే అక్కడ ప్రశ్న అయింది.

అదే దేశంలో 1948 నుంచి పల్లెల్లో వాగుల మీద వరద ఆపడానికే చిన్న చిన్న మట్టికట్టలు కడుతూ వచ్చారు. ఓక్లహోమా రాష్ట్రంలో క్లౌడ్ క్రీక్ అనే వాగు మీద మొదటిది కట్టారు, ఇప్పుడు అవి 11 వేలు దాటాయి. మన చెరువు తెలిసినవారికి ఆ కట్టడం కొత్తగా అనిపించదు. గేట్లు ఉండవు. కట్ట అడుగు నుంచి ఒక గొట్టం, ఒక పక్కన గడ్డి పెంచిన వెడల్పాటి పొర్లుకాలువ. వరద వచ్చినప్పుడు నిండుతుంది, వాన తగ్గాక గొట్టం గుండా కొద్ది రోజుల్లో దానంతట అదే దిగిపోతుంది. అర్ధరాత్రి ఎవరూ వచ్చి చక్రం తిప్పనక్కర్లేదు. చాలా కట్టలు కట్టిన కాలంలో వాటి కింద పొలాలే ఉండేవి. తరువాత ఇళ్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. కట్ట అంగుళం పెరగలేదు, కానీ దాని ప్రమాదపు తరగతి మారిపోయింది. అక్కడ తరగతిని కట్ట ఎత్తును బట్టి కాక, తెగితే ఎవరికి ఏమవుతుందన్న దాన్ని బట్టి ఇస్తారు. పాతబడిన ఆ కట్టల మరమ్మతుకు 2000లో విడిగా చట్టమే చేసుకున్నారు.

మా దగ్గరా జరుగుతున్నది అదే. మా తాతల కాలంలో కట్ట కింద ఉన్నది మాగాణి. ఇప్పుడు తారు రోడ్డు పడింది, రోడ్డు పక్కన ప్లాట్లు పడ్డాయి, ప్లాట్లలో ఇళ్లు లేచాయి. అలుగు కాలువ మీద కల్యాణ మండపం కట్టిన ఊళ్లు కూడా చూశాను. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదు శివార్లలో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి జాతీయ రహదారి మీదికి వచ్చిపడింది. మనుషులు కొట్టుకుపోయారు. అది ఒకప్పుడు పల్లె చెరువే.

మీ చట్టం పుట్టిన తారీఖులు చూస్తే నాకు ఇంకో ఆశ్చర్యం కలుగుతుంది. 2019 జులై 2 రాత్రి మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో తివరే అనే ఊరి మట్టి డ్యామ్ తెగింది. కనీసం 19 మంది చనిపోయారు. కట్టలో ఊట పడుతున్నదని ముందే చెప్పామని గ్రామస్థులు మొత్తుకున్నారు. అప్పటి జలసంరక్షణ మంత్రి మాత్రం పీతలు కట్టను తొలిచాయని సెలవిచ్చారు. పీతలు తొలుస్తాయి, కాదనను. మట్టికట్టలో పీత, ఎలుక, పందికొక్కు, ముళ్లపంది అన్నీ బొరియలు చేస్తాయి. అది వాటి పని. ఆ బొరియలను చూడటానికి జీతమిచ్చి పెట్టింది పీతలను కాదు కదా. సరిగ్గా నెల తిరిగేసరికి, ఆగస్టు 2న, డ్యామ్ సేఫ్టీ బిల్లుకు లోక్‌సభ ఆమోదం దొరికింది. ఆ తరువాత రాజ్యసభలో రెండేళ్లకు పైగా ఆగింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. డిసెంబరు 2న రాజ్యసభ కూడా ఆమోదించింది.

అన్నమయ్య చిన్నది కాదు, 2.24 టీఎంసీల ప్రాజెక్టు. ఈ లేఖలో దాన్ని ఎందుకు తెచ్చానంటే, పెద్దదాన్ని తెంచిన వరదలో పైనున్న చిన్నదాని వాటా కూడా ఉంది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట ముందు తెగింది. ఆ నీళ్లు, వాయుగుండం వాన నీళ్లు కలిసి చెయ్యేరులో దిగాయి. వరద నీరు బయటికి పోయే స్పిల్‌వే మోయగలిగింది 2 లక్షల క్యూసెక్కుల చిల్లర. వచ్చిన వరద 3 లక్షలు దాటింది. ఉన్న 5 గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రే రాజ్యసభలో చెప్పారు. నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లాయి, పొర్లిన మట్టికట్ట నిలవదు. కార్తిక పౌర్ణమి పూజలకని నదీతీరపు శివాలయానికి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే పోయారు. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్లలో ఇళ్లు నేలమట్టమయ్యాయి. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి 40 మంది దాకా లెక్క తేలారు.

ఒక కట్ట తెగి ఇంకో కట్టను తెంచడం కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద గురించి అందరూ హైదరాబాదులో చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల కథలు చెప్పుకుంటారు. ఆ వరదను పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పైకి చూశారు, చెరువుల వైపు. నగరానికి ఎగువన పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయనీ, వాటిలో 221 తెగిపోయాయనీ ఆయన లెక్క కట్టారు. వానకు తోడు ఆ చెరువుల నీళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి మూసీలో పడ్డాయి. ఆయన సూచనతోనే తరువాత వరద ఆపడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. జంట జలాశయాలు అందరికీ గుర్తున్నాయి. 221 చెరువుల సంగతి ఎవరికీ గుర్తులేదు. గొలుసుకట్టు చెరువుల్లో మీరు ఏ ఒక్క కట్టనూ విడిగా చిన్నది అనలేరు. దాని పైన ఎన్ని చెరువులున్నాయో, కింద ఎన్ని ఉన్నాయో చూస్తే గాని దాని పెద్దరికం తెలియదు.

ఈ చెరువులను మనం సాగునీటి లెక్కలో వేసి వదిలేశాం. వాయుగుండం పట్టిన రాత్రి అవి చేసే పని వరదను ఆపడమే. ఎగువన కురిసిన వానను పట్టి, అలుగు మీదుగా నెమ్మదిగా వదలడమే. అందుకు చెరువులో ఖాళీ ఉండాలి. ఇప్పుడు ఎత్తిపోతల నీళ్లతో, కాలువ నీళ్లతో వానకు ముందే చెరువులు నింపుతున్నారు. మా పొలాలకు అది వరమే, కాదంటే కళ్లు పోతాయి. అయితే జులైలోనే నిండుకుండలా ఉన్న చెరువుకు ఆగస్టు తుపాను వానను పట్టే చోటు ఎక్కడుంటుంది? నింపే శాఖ దగ్గర నింపే షెడ్యూలు ఉంది. వరద సూచన వచ్చిన రోజు ఎన్ని అడుగులు దించాలన్న షెడ్యూలు చిన్న చెరువుల్లో ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

పెద్దవాగు ప్రాజెక్టు సంగతి కూడా చెప్పి తీరాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర ఉంది. 2024 జులై 18 రాత్రి దాని మట్టికట్టకు గండి పడింది. నీళ్లు పోయి పడింది ఆంధ్రప్రదేశ్‌లోని వేలేరుపాడు, కుక్కునూరు మండలాల మీద. కట్ట తెలంగాణలో ఉంది. 16 వేల ఎకరాల ఆయకట్టులో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. మరమ్మతు ఖర్చు ఎవరి వాటా ఎంత అన్నది గోదావరి బోర్డు దాకా వెళ్లిన విషయం. కట్టకు ఇవేమీ తెలియవు. పడాల్సిన రోజున పడింది.

దీనికి సంబంధించి మా రాయలసీమలోనే ఒక పాత రాతి మాట ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందట. 1369 నాటి శాసనంలో చెరువు బాగుండటానికి కావలసిన 12 అంగాలు, చెరువుకు రాకూడని 6 దోషాలు చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. మరొకటి రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. తివరే, పెద్దవాగు రెండూ ఆ రాతి మీద ఉన్నాయి. 650 ఏళ్ల నాటి శాసనం నుంచి అధునాతన చట్టానికి నేర్చుకోవలసింది ఉండటం మీకు చిన్నతనం కానక్కర్లేదు. నేను ఆ చెరువు చూశాను. ఇప్పటికీ నిండుతుంది.

ఇక మా కట్ట గురించి. మా ఊరి పేరు, మా సెక్షను ఆఫీసు పేరు రాయడం లేదు. రాస్తే నాలుగు లారీల మట్టి తెచ్చి మా కట్ట మీద పోసి ఫైలు మూసేస్తారు, పక్క ఊరి కట్ట అలాగే ఉంటుంది. మా కట్టకు ఉన్న జబ్బులు చెబితే అన్ని కట్టల జబ్బులూ చెప్పినట్టే.

కట్టకు రెండు వైపులా సర్కారు తుమ్మ బలిసింది. చెట్టు ఉంటే మట్టిని పట్టి ఉంచుతుంది కదా అని మంచి మనసుతో అనేవారున్నారు. పల్లపు గట్టుకు అది నిజం. నీళ్లు ఆపే కట్టకు కాదు. చెట్టు కొట్టేస్తారు, వేరు లోపల చస్తుంది, కుళ్లుతుంది. కుళ్లిన వేరు ఉన్న చోట కట్టలో గొట్టం మిగులుతుంది. గాలివానకు చెట్టు వేళ్లతో సహా పడితే ఇంకా ఘోరం, కట్టలో నుంచి ఒక గంపెడు మట్టి పెకిలించుకుని పడుతుంది. అందువల్ల మొక్కలు నాటే పథకాల మొక్కలను దయచేసి కట్ట మీద నాటించకండి. కట్టకు గడ్డి చాలు.

తూము పక్కన ఊట ఉంది. రాతి తూముకూ మట్టికీ మధ్య అతుకు సరిగా ఉండదు, నీరు ముందు వెతికేది ఆ సందునే. ఊట తేటగా ఉన్నంత కాలం మా ముసలివాళ్లు కంగారు పడరు. నీళ్లలో మట్టి రంగు కనిపించిందంటే మాత్రం పరుగు పెట్టేవాళ్లు, ఎందుకంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నదని అర్థం. కింది వైపు మొదలైన బుంగ వెనక్కి తొలుచుకుంటూ చెరువు వైపు పోతుంది. అది చెరువు నీటిని అందుకున్నాక మనిషి చేయగలిగింది లేదు, కొద్ది గంటల్లో గండే. ఆ బుంగను ఎలా ఆపాలో తెలియక చాలాచోట్ల రేగడి మట్టి తెచ్చి నోరు మూస్తారు. మూస్తే నీరు పక్కన ఇంకో నోరు తెరుచుకుంటుంది. చేయాల్సింది నీటిని పోనిచ్చి మట్టిని ఆపడం. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద రాళ్లు, చుట్టూ ఇసుక బస్తాలు. ఇది మీ పుస్తకాల్లో ఉన్నదే. మా పంచాయతీ ఆఫీసు గోడ మీద ఎందుకు లేదన్నది నా ప్రశ్న. దోమల గురించి బొమ్మలు వేశారు, బుంగ గురించి కూడా ఒకటి వేయించండి.

అన్నిటికన్నా పెద్ద జబ్బు అలుగుది. తెలంగాణలో మత్తడి అంటారు. గేటు లేని కాపలాదారు అది. చెరువు నిండితే ఎవరి సంతకం లేకుండా నీళ్లను బయటికి పంపుతుంది. దాన్ని మనుషులే పనిచేయనివ్వరు. ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయని ఆయకట్టు రైతులు అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. చేపలు పోతాయని చేపల గుత్తేదారు అడ్డంగా వల కడతాడు. వలకు చెత్త పట్టుకుంటుంది, గుర్రపుడెక్క పట్టుకుంటుంది, కాసేపటికి వల గోడ అవుతుంది. అలుగు కింది కాలువను ఎవరో ఒకరు దున్నుకుంటారు. అప్పుడు చెరువు ఇంకో అలుగు వెతుక్కుంటుంది. కట్ట మీద ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడ, అంటే పశువులు దిగే దారి, ట్రాక్టరు ఎక్కే దారి. అక్కడ నీళ్లు పొర్లి కింది వాలును కోసుకుంటూ పోతాయి. మట్టికట్టలు తెగడానికి ప్రపంచమంతా పెద్ద కారణాలు రెండే, పైనుంచి పొర్లడం, లోపల తొలవడం. ఈ రెండూ కట్ట మీద ఒక్క మనిషి రోజూ నడిస్తే కనిపించేవే.

ఆ మనిషి ఇప్పుడు లేడు. పూర్వం ప్రతి చెరువుకూ నీరటి ఉండేవాడు, మా వైపు నీరుగంటి అంటారు. తూము ఎత్తడం, దించడం, వాన రాత్రి కట్ట మీద లాంతరు పట్టుకుని తిరగడం అతని పని. ఆయకట్టు రైతులు కళ్లంలో ధాన్యం కొలిచేవారు. ధాన్యం కొలవడం పోయింది, నీరటి కూలికి పోయాడు. గ్రామ సేవకుల వ్యవస్థ పేర్లు మార్చుకుంటూ వచ్చి చివరికి తెలంగాణలో వీఆర్ఏలు, అంటే గ్రామ రెవెన్యూ సహాయకులు, 2023లో రకరకాల శాఖల్లో సర్దుబాటయ్యారు. ఒక సహాయ ఇంజినీరు కింద ఎన్ని చెరువులుంటాయో మీకు తెలుసు. తుపాను రాత్రి ఆయన ఒక చెరువు దగ్గర ఉంటే మిగిలినవి దేవుడి మీద భారం. ఆయనను తిట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన బైకులో పెట్రోలు కూడా ఆయనే పోయించుకుంటాడు.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు, అంటే గేట్లను మోసే స్తంభాలు, కుంగాయి. రోజుల్లోనే అథారిటీ బృందం వచ్చి చూసింది. రావాల్సిందే, తప్పు పట్టడం లేదు. కానీ మేడిగడ్డ కుంగితే దేశమంతా చూస్తుంది. మా కట్ట కుంగితే చూసేది మేము, మా గేదెలు. ఆ తేడాను పూడ్చమనే ఈ లేఖ.

చట్టాన్ని సవరించమని అడిగితే ఎన్నేళ్లు పడుతుందో ఇంతకుముందు తారీఖుల్లో చూశాం. అందుకని అది అడగను. నీరు రాష్ట్రాల విషయమే. రెండు రాష్ట్రాల శాఖలు తలచుకుంటే ఒక ఉత్తర్వుతో మొదలుపెట్టవచ్చు. ప్రతి చిన్న కట్టకూ కింద ఏముందో రాయించండి. ఎన్ని ఇళ్లు, ఏ బడి, ఏ రోడ్డు, పైన ఎన్ని చెరువులు, కింద ఎన్ని చెరువులు. దీనికి విదేశీ కన్సల్టెంటు అక్కర్లేదు. ఉపగ్రహ చిత్రం చేతిలో ఉన్న ఒక సహాయ ఇంజినీరు, ఊరి తోవలు తెలిసిన ఒక ముసలి రైతు, ఒక పూట. అలా రాస్తే వేల కట్టల్లో తెగితే పంట మాత్రమే పోయేవి ఎక్కువే తేలుతాయి. వాటిని నిదానంగా చూసుకోండి. ప్రాణాలు పోయేవి కొన్ని వందలు తేలతాయేమో. వాటికి ఎత్తుతో పని లేకుండా పెద్ద డ్యాములకు ఇచ్చిన మర్యాదే ఇవ్వండి. వానకాలానికి ముందు ఇంజినీరు కట్ట పొడవునా నడిచి చూడాలి, వాహనంలో కూర్చుని కాదు. చూసింది పంచాయతీలో ఉన్న రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి, ఆ రిజిస్టరు ఎవరు అడిగినా చూపించాలి. ఆ కట్టలకు మాత్రమైనా మళ్లీ నీరటిని పెట్టి నెల జీతం ఇవ్వాలి. నీటి సంఘాలు ఉన్నాయి కదా అంటారేమో. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలూ జరిగాయి. జరిగితే మంచిదే, వాటి చేతికి ఒక గునపం, వంద గోనెసంచులు, ఒక బండి కంకర ముందే ఇచ్చి పెట్టండి. తెగే రాత్రి టెండరు పిలవలేరు.

డబ్బు ఎక్కడిదంటారు. చెరువు కట్టల మీద దీపాలు, రెయిలింగులు, నడక దారులు, బతుకమ్మ ఘాట్లు, బోటింగు. ఇవి వద్దనను, సాయంత్రం పూట మాకూ నడవాలని ఉంటుంది. వరుస మాత్రం మార్చండి. అలుగు పొడవు ఇప్పటి వానలకు సరిపోతుందో లేదో లెక్క కట్టి, చాలకపోతే పెంచి, అలుగు కాలువ ఆక్రమణ తీసి, ఆ తరువాతే దీపం స్తంభం పాతించండి. అలుగు పెంచే చోటు లేకపోతే కట్టలో కింద ఇళ్లు లేని పక్కన కొంత భాగం తక్కువ ఎత్తులో ఉంచి, మహా వరదలో అక్కడే తెగేలా చేయవచ్చు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్లు పోతుంటే ఎడమ గట్టు వైపు మట్టి కోసుకుపోవడం వల్లే డ్యామ్ దక్కిందని అందరం విన్నాం. అదృష్టం చేసిన పనిని ఇంజినీరు ముందే చేసి పెట్టడం కష్టమేమీ కాదు.

ఇంకొకటి, ఖర్చు లేనిది. కట్ట కింద మట్టి ఎత్తుకుపోవడం ఆపించండి. ఇళ్ల పునాదులకు, రోడ్లకు కట్ట మొదట్లోనే గుంతలు తవ్వుతున్నారు. అడుగున ఇసుక పొర తగిలిందంటే చెరువు నీటికి మనమే కిటికీ తెరిచినట్టు.

పెద్దవాగు లాంటి సరిహద్దు కట్టలకు ఖర్చు పంపకం తేలేదాకా తనిఖీ ఆగకూడదు. నేషనల్ అథారిటీకి రెండు రాష్ట్రాల మధ్య మాట చెప్పే హక్కు చట్టమే ఇచ్చింది. కనీసం అక్కడైనా ఎత్తు కొలిచే టేపు పక్కన పెట్టి ఆ హక్కు వాడండి.

పెద్ద డ్యాములకు సమగ్ర పరిశీలన, అత్యవసర ప్రణాళిక పూర్తిచేయడానికి చట్టం 5 ఏళ్లు ఇచ్చింది. చిన్న కట్టల కింద ఉన్న ఇళ్లు లెక్క పెట్టడానికి నేను ఒక్క ఎండాకాలం అడుగుతున్నాను. ఎండాకాలమే ఎందుకంటే, చెరువు అడుగంటినప్పుడే తూము నోరు, రాతి పరుపు, రేగడి కట్ట మీద నెర్రెలు, లోపలి వాలు మీది బొరియలు కంటికి కనిపిస్తాయి. మృగశిర దాటితే అన్నీ నీళ్ల కింద దాక్కుంటాయి.

మా ఊరికి ఎవరిని పంపుతారో, ఏ రోజు పంపుతారో చెబితే కట్ట మీద తుమ్మ కొట్టి నడవడానికి దారి చేసి ఉంచుతాం. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. వచ్చేవారిని మోకాళ్ల దాకా ఉండే బూట్లు తెచ్చుకోమనండి. చెరువు ఎండినా తూము కింద ఇంకా తడిగానే ఉంది.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు